తీగె ఆ చివర

రైల్వేవారు 2030 నాటికి తమ సంస్థనుండి వెలువడే బొగ్గుపులుసు గాలిని నికరముగా సున్న చేస్తామని 2020లో ప్రకటించారు. అప్పటినుండి మా ఇంట ఆ ప్రసక్తి రాని పండుగ లేదు. ఇతరుల ఇండ్లలో పండుగకు కూడినవారు పెండ్లి సంబంధాలు మాట్లాడుకుంటారు, పొలాల తగాదాలు మాట్లాడుకుంటారు. మేము ఇంజన్లు మాట్లాడుకుంటాము. మన పత్రిక చదివే కుటుంబాలలో ఇటువంటి ఇండ్లు చాలానే ఉంటాయని మా నమ్మకము. ఖుర్దారోడ్డులోగాని, హుబ్బళ్ళిలోగాని, పెరంబూరులోగాని తెలుగువారుండే వీధి ఏదని అడిగితే ఒకప్పుడు రైల్వే కాలనీ వైపు చెయ్యి చూపేవారు. మన పెద్దలలో ఎందరినో స్వగ్రామమునుండి కదిలించినది ఆ ఇనుపదారే. కాబట్టి ఆ సంస్థ పొగ మానుకుంటానంటే దానిని మేము ఎవరో పరాయివారి వార్తగా చదవలేము.

ముందు పొగ సంగతి చెప్పాలి. మా తాతగారు బెంగాల్ నాగపూర్ రైల్వేలో ఫైర్‌మన్. పారతో బొగ్గు ఎత్తి కొలిమిలో వేయడము ఆయన పని. వైశాఖమాసములో కూడ అదే పని. ఆయన డ్యూటీ దిగి వస్తే పెరటిలో రెండు బిందెల నీళ్ళు పోసిన తరువాతగాని మనిషి రంగు తెలిసేది కాదని మా బామ్మ చెప్పేది. ఆరవేసిన బట్టలు తీసేటప్పుడు ముందు దులపడము, తరువాత మడత పెట్టడము ఆవిడ అలవాటు. ఆవిరి ఇంజన్లు పోయి ఎన్నో ఏండ్లైనా ఆ దులపడము మాత్రము ఆవిడ మానలేదు. ఆవిరి ఇంజనులో వేసిన బొగ్గు వేడిలో నూటికి ఆరేడు పాళ్ళు మాత్రమే చక్రానికి చేరేవి. తక్కినదంతా పొగగొట్టములోనుండి ఆకాశానికే. తాతగారు ఈ లెక్క ఎరుగరు. ఎరిగి ఉంటే, నూరు పారలలో తొంభైమూడు గాలికేనా అని నడుము పట్టుకొని కూర్చుని ఉందురు.

మా నాన్నగారి కాలానికి డీజిలు వచ్చింది. 1964లో వారణాసి కార్ఖానానుండి మొదటి డీజిలు ఇంజను బయటికి రావడము, 1972 నాటికి చిత్తరంజనులో ఆవిరి ఇంజన్ల తయారీ నిలిచిపోవడము వారు ఉద్యోగములో ఉండగా జరిగినవే. బ్రాడ్ గేజి మీద రోజువారీ ఆవిరి బండి చివరిసారిగా నడిచినది 1995 డిసెంబరు 6న, జలంధరు ఫిరోజుపూరుల మధ్య. నాన్నగారు డ్రైవరు. చేతికి మసి బదులు నూనె అంటుకొన్నది, ఇంటికి తెచ్చే వాసన మారినది. అంతే తేడా అని అమ్మ అనేది.

మా వంతుకు తీగెలు వచ్చాయి. తీగెల కథ మనదేశములో కొత్తదేమీ కాదు. 1925 ఫిబ్రవరి 3న బొంబాయి విక్టోరియా టెర్మినస్‌నుండి కుర్లాకు మొదటి కరెంటు బండి నడిచినది. 1931లో మద్రాసు బీచినుండి తాంబరముదాక నడిచినది. మన మద్రాసు పెద్దలలో కొందరు ఆ పసుపుపచ్చ బండ్ల సంగతి ఇప్పటికీ కథలుగా చెబుతారు. 25,000 వోల్టుల పద్ధతి మనకు తగినదని 1957లో తేల్చారు. అయినా పని నత్తనడకనే సాగినది. హౌరా మద్రాసు మార్గము పూర్తిగా తీగెలకిందికి వచ్చేసరికి 2005 అయినది. 2014 నాటికి దేశమంతటా కలిపి సుమారు 21,800 కిలోమీటర్లు. 2018లో బ్రాడ్ గేజి అంతటికీ తీగెలు వేయాలని కేంద్రమంత్రివర్గము నిర్ణయించినది. ఆ తరువాత పని పరుగెత్తినది. మా ఒడిస్సాలో ఉన్న 2,822 కిలోమీటర్లూ 2023 నాటికి పూర్తి అయినవి. దేశము మొత్తముమీద 2025 నాటికి నూటికి 98 పాళ్ళు దాటినది.

ఇంత పెద్ద సంస్థలో కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియడము కష్టమే. 2015లో వెయ్యి డీజిలు ఇంజన్లకు బీహారులో కార్ఖానా పెట్టించి ఒప్పందము చేసుకొన్నారు. మూడేండ్లు తిరగకుండానే డీజిలు వద్దని నిర్ణయించారు. ఆ వేయింటినీ ఏమి చేసుకోవాలన్నది ఆనాటినుండి ఉన్న చిక్కే. డీజిలు బొత్తిగా అక్కరలేదని కూడ మేము అనము. 2019 మే 3న ఫొని తుఫాను పూరీవద్ద తీరము తాకినప్పుడు కరెంటు స్తంభాలు గడ్డిపరకలవలె పడిపోవడము ఈ ప్రాంతమువారము చూచినాము. తీగె తెగినచోట డీజిలు ఇంజనే దిక్కు. ఇంటిలో కిరసనాయిలు లాంతరు అటకమీద ఉంచుకొన్నట్లు కొన్నింటిని ఉంచుకోవలసినదే.

ఇక పండుగనాటి వాదమునకు వస్తాము. మా అక్కగారిని తాల్చేరులో ఇచ్చినాము. బావగారు అక్కడి గనులలో ముప్పైనాలుగేండ్లు పనిచేసి విశ్రాంతి తీసుకొన్నవారు. తాల్చేరంటే బొగ్గు, బొగ్గంటే కరెంటు. అక్కడి పాత విద్యుత్కేంద్రము 1960లలో మొదలైనది. 460 మెగావాట్లదాకా పెరిగి, 2021 మార్చి 31న మూతపడినది. అదే చోట 660 మెగావాట్లవి కొత్తగా రెండు కడుతున్నారు. దగ్గరలోనే కణిహావద్ద 3,000 మెగావాట్ల మహాకేంద్రము ఉండనే ఉన్నది. ఒక సంక్రాంతికి మేమందరము భోజనానికి కూర్చున్నప్పుడు, రైల్వేలు ఇక సున్న అవుతాయని మా తమ్ముడు గొప్పగా చెప్పుకొచ్చాడు. బావగారు విస్తరిలో చెయ్యి ఆపి, ‘మీ బండికి పొగ లేదంటారు. ఆ పొగ మా ఊళ్ళో ఉన్నది. ఒకసారి రండి, చూపిస్తాను’ అన్నారు.

మా అమ్మకు చెముడు. బొగ్గుపులుసు గాలి అన్న మాట ఆవిడ చెవిని ఏ రకముగా పడినదో, ‘అల్లుడుగారికి ఏ పులుసు కావాలిట? ముక్కలపులుసు చేశాను, వడ్డించండి’ అన్నది. అందరమూ నవ్వాము. వాదము అప్పటికి ఆగినది. కాని ఆ మాట మమ్మల్ని వదలలేదు. మేము ఉద్యోగమంతా చూచినది తీగె ఈ చివర. స్తంభము నిలబెట్టడము, తీగె బిగించడము, తెగితే రాత్రివేళ టవరు బండిమీద పోయి అతకడము మా పని. ఆ చివర ఎవరున్నారని ఆలోచించే తీరిక ఎన్నడూ రాలేదు. ఆ చివర బావగారున్నారు.

ఆ రాత్రి కాగితము కలము తీసుకొని లెక్క వేసినాము. ఇది చేతిలెక్కే, ఇంజనీర్లు దశాంశాలలో తప్పు పట్టవచ్చును. ఒక లీటరు డీజిలు కాలితే సుమారు 2.7 కిలోల బొగ్గుపులుసు గాలి పుడుతుంది. లీటరులో సుమారు 10 యూనిట్ల వేడి ఉంటుంది. అందులో చక్రానికి చేరేది మూడున్నర యూనిట్లనుకొందాము. అంటే చక్రానికి చేరిన ఒక్కొక్క యూనిట్‌కు ముప్పాతిక కిలో. ఇక కరెంటు. దేశములోని బొగ్గు, నీరు, గాలి, ఎండ అన్నీ కలిపి చూస్తే యూనిట్‌కు దాదాపు 0.7 కిలో. కేంద్రమునుండి చక్రముదాక దారిలో కొంత పోతుంది. దానిని కలిపితే ముప్పాతిక కిలోకు కాస్త పైనే తేలుతుంది. బొగ్గు కరెంటు ఒక్కటే తీసుకొంటే, యూనిట్‌కు కిలోవరకూ ఉంటుంది.

అంటే తీగె వేసినంతమాత్రాన పొగ తగ్గలేదు, తావు మార్చుకొన్నది. బండి పోయే ఊళ్ళలో ఆకాశము తేటపడినది. తాల్చేరులో మరికొంత నల్లబడినది. రైల్వేవారు బీహారులో నబీనగరువద్ద ఎన్.టి.పి.సి.తో కలిసి 1,000 మెగావాట్ల విద్యుత్కేంద్రము పెట్టుకొన్నారు. అందులో అధికభాగము రైళ్ళకే. అదీ బొగ్గుదే. మా తాతగారు ఇంజనులో వేసిన బొగ్గు ఇప్పుడు ఇంకొకచోట ఇంకొకరు వేస్తున్నారన్నమాట. మెరుగుగా వేస్తున్నారు, నిజమే. అప్పుడు నూటికి ఏడు పాళ్ళు పనికి వస్తే ఇప్పుడు దారి నష్టాలన్నీ పోను అంతకు మూడు నాలుగు రెట్లు వస్తున్నది. అయినా బొగ్గు బొగ్గే కదా.

అలాగని ఇన్ని వేల కిలోమీటర్ల తీగె వృథా అని మేము అనబోవడము లేదు. ఉద్యోగాభిమానముతో చెబుతున్న మాట కాదిది. డీజిలు ఇంజనులో డీజిలు తప్ప వేరొకటి పోయలేము. అది ఉన్నన్నాళ్ళూ ఆ పొగ ఉంటుంది. 2018 ప్రాంతమున ఏటికి 250 కోట్ల లీటర్లకు పైచిలుకు డీజిలు ఇంజన్లకే పోసేవారు. దానిలో చాలభాగము విదేశాలనుండి కొన్న నూనె. తీగెకు ఆ బంధము లేదు. ఆ చివర బొగ్గు ఉంటే బొగ్గు, గాలిమర ఉంటే గాలి, ఎండ ఉంటే ఎండ. ఈ చివర ఒక మేకు కూడ మార్చనక్కరలేదు. ఈ మాట బావగారితో అంటే, ‘అయితే మార్చి చూపించండి. స్తంభాలు పాతడము తేలిక’ అన్నారు. ఆయన అన్నది సబబే.

మార్చే ప్రయత్నాలు లేకపోలేదు. మధ్యప్రదేశములో బీనావద్ద రైల్వే స్థలములో 1.7 మెగావాట్ల సౌరకేంద్రము 2020లో పెట్టి, ఎండ కరెంటును నేరుగా బండ్ల తీగెలోకే పంపారు. మెచ్చుకోదగిన పని. కాని అది ఏడాదికి ఇచ్చేది సుమారు 25 లక్షల యూనిట్లు. బండ్లు తినేది ఏటికి 2,000 కోట్ల యూనిట్లకు పైమాట. అంటే ఎనిమిది వేల బీనాలు కావాలి. పైగా బండ్లు రాత్రి తిరుగుతాయి. మన హౌరా మెయిలు సంగతే చూడండి, సగము దారి చీకటిలోనే. సూర్యుడు డ్యూటీ దిగిన తరువాత ఎక్కించవలసినది ఎవరిని? గాలిమరలు కొంత ఆదుకొంటాయి. 1955లో మొదలైన పెరంబూరు పెట్టెల కార్ఖానా తన వాడకానికని తిరునల్వేలి జిల్లాలో 10.5 మెగావాట్ల గాలిమరలు పెట్టించుకొన్నది. జైసల్మేరువద్ద 26 మెగావాట్లవి ఉన్నవి. స్టేషన్ల కప్పులమీద సౌరఫలకాలు పరుస్తున్నారు. ఇవన్నీ కలిపినా వాడకములో ఇంకా చిన్న వంతే. దేశములో స్థాపించిన విద్యుచ్ఛక్తిలో సగము బొగ్గు, నూనె, వాయువులు కానిదే అయినదని 2025లో ప్రకటించారు. పేపరులో ఆ వార్త చూచి తమ్ముడు మళ్ళీ గంతులు వేశాడు. బావగారు కళ్ళజోడు సవరించుకొని, ‘పెట్టిన సామానులో సగము. పుట్టిన కరెంటులో కాదు. పుట్టినదానిలో నూటికి డెబ్బైకి పైగా ఇంకా మావాళ్ళు తవ్వినదే’ అన్నారు. ముప్పైనాలుగేండ్లు గనిలో ఉన్న మనిషికి స్థాపన వేరు, ఉత్పత్తి వేరు అని ఎవరూ చెప్పనక్కరలేదు.

ఆ చివర మన చేతిలో లేకున్నా, ఈ చివర మిగుల్చుకోగలిగినది చాల ఉన్నది. ఇది మాకు బాగా తెలిసిన విషయము కనుక కాస్త విస్తరించి చెబుతాము, పాఠకులు ఓర్చుకోవాలి.

కొత్తవలస కిరండూలు మార్గము మనలో చాలమంది అరకు చూడడానికి వెళ్ళినప్పుడు ఎక్కినదే. బైలదిల్లా ఇనుపరాయి విశాఖకు తేవడానికి 1960లలో వేసిన దారి, 1980ల తొలిరోజులలో తీగెలు పడినవి. అక్కడ ఒక తమాషా ఉన్నది. నిండు బండ్లు కొండ దిగుతాయి, ఖాళీ బండ్లు ఎక్కుతాయి. దిగే బండిని అదుపులో పెట్టడానికి వెనుకటి ఇంజన్లలో ఆ శక్తినంతా వేడిగా మార్చి గాలికి వదిలేవారు. 1990ల చివరినుండి వచ్చిన మూడు ఫేజుల ఇంజన్లు అట్లా కాదు. దిగేటప్పుడు వాటి మోటార్లే డైనమోలై తీగెలోకి కరెంటు తిరిగి ఇస్తాయి. కొండమీద దిగే బండి ఇచ్చినది ఎక్కే బండి పుచ్చుకొంటుంది. ఇంట్లో ఒకరికి పొట్టి అయిన చొక్కా ఇంకొకరు తొడుక్కోవడమువంటిది. కాకపోతే ఆ సమయానికి పుచ్చుకొనే బండి దరిదాపుల ఉండాలి.

ఇంకొకటి, ఎక్స్‌ప్రెసు బండ్లకు రెండు చివరల ఉండే జనరేటరు పెట్టెలు. లైట్లకు, పంకాలకు, చల్లగాలికి కావలసిన కరెంటు ఆ పెట్టెలలో డీజిలు కాల్చి తీసేవారు. పైన తీగెలో కరెంటు పారుతూ ఉండగా కింద నూనె కాల్చడము! ఆ పెట్టె ప్లాట్‌ఫారముమీద మన ముందుకు వచ్చి ఆగినదంటే పక్కవారి మాట వినబడేది కాదు. ఇప్పుడు చాల బండ్లలో ఇంజనే పైనుండి తీసుకొని వెనుకకు పంచుతున్నది. జనరేటరు పెట్టె ఒకటి తీసి, అక్కడ మనుష్యులు కూర్చునే పెట్టె తగిలించిన బండ్లున్నాయి. ఇటువంటి మార్పులు పేపరులో పెద్ద అక్షరాలతో పడవు.

డ్రైవరుల చేతివాటము సంగతి అంతకన్న ముఖ్యము. వారిని ఇప్పుడు లోకో పైలట్లంటున్నారు. మా నాన్నగారు ఆ పేరు విని, ‘విమానము ఎప్పుడు ఎక్కించారు?’ అన్నారు. ముందు స్టేషను రెండు మైళ్ళు ఉండగానే శక్తి కట్టివేసి, బండిని తన ఊపుమీద తాను పోనిచ్చే డ్రైవరు ఉన్నాడు. చివరిదాక లాగించి బ్రేకు వేసే డ్రైవరూ ఉన్నాడు. కాలము చూస్తే ఇద్దరూ ఒకే నిమిషానికి చేరుతారు. మీటరు చూస్తే ఇద్దరికీ పోలిక ఉండదు. ఇది ఏ గాలిమరా ఇవ్వలేని మిగులు. నాన్నగారి రోజులలో డీజిలు ఆదా చేసినవారికి చిన్న మెప్పుకాగితము ఇచ్చేవారు. ఆయనకు వచ్చినది ఇంకా గోడమీద ఉన్నది.

దీపాల విషయములో రైల్వేవారిని తప్పక మెచ్చుకోవాలి. 2009 ప్రాంతమున మా కాలనీలో ఇంటింటికీ వచ్చి పాత బల్బులు పుచ్చుకొని వంకర గొట్టాల బల్బులు ఉచితముగా ఇచ్చారు. దేశమంతటా లక్షలకొద్ది క్వార్టర్లకు అట్లా పంచారు. అమ్మ మాత్రము దేవుడిగది బల్బు ఇవ్వనన్నది, ఆ తెల్లని వెలుతురులో అమ్మవారి మొగము పాలిపోయినట్లు ఉంటుందని. ఆ ఒక్క బల్బుకు రైల్వేవారు మమ్మల్ని క్షమించారు. 2018 మార్చి నెలాఖరుకు స్టేషన్లన్నిటికీ ఎల్.ఇ.డి. దీపాలు పెట్టడము పూర్తిచేశారు.

కాని కార్యాలయాల సంగతి వేరు. ఊరూ పేరూ అక్కరలేని ఒక సర్కారు కార్యాలయములో మేము కొంతకాలము కూర్చున్నాము. పన్నెండు గదులు, ఏడుగురు మనుష్యులు. ఖాళీ గదులలో పంకాలు తిరుగుతూనే ఉండేవి. అక్కడి బంట్రోతు ముసలాయన మధ్యాహ్నము భోజనాలవేళ ఒక చుట్టు తిరిగి మీటలన్నీ కట్టేవాడు. ఆయన సెలవు పెట్టిన రోజు పంకాలకు పండుగ. బుద్ధి లేక కాదు. పెద్ద సంస్థలో మీట నొక్కేవాడు ఒకడు, బిల్లు చూచేవాడు ఇంకొకడు, కట్టేవాడు మూడవవాడు. మన ఇంట్లో ఈ ముగ్గురూ ఒకరే కనుక ‘ఎవరే ఆ గదిలో దీపము?’ అన్న కేక పుడుతుంది. ఆ కేక వేయవలసినవారు ఎవరన్నది లక్షలమంది పనిచేసే సంస్థలో తేలదు. మా అభిప్రాయములో సున్న లెక్క అంతా అక్కడ మొదలుకావాలి. ప్రతి గదికి కాకపోయినా ప్రతి అంతస్తుకు ఒక మీటరు, దాని కింద బాధ్యుని పేరు ఉంటే చాలును.

ఇప్పుడు అన్నిటికన్న గడ్డు విషయము. బావగారు దీనిని చివరకు దాచుకొన్నారు. మొన్న దసరాకు వచ్చినప్పుడు తమలపాకులకు సున్నము రాస్తూ, ‘మీరు కాల్చే పొగ లెక్క సరే. మీరు మోసే పొగ మాటేమిటి?’ అన్నారు.

2023-24లో మన రైళ్ళు మోసిన సరుకు 158 కోట్ల టన్నులకు పైమాట. అందులో దాదాపు సగము బొగ్గు. అది ఎక్కడో కాలుతుంది, దాని పొగ కాల్చినవారి ఖాతాలో పడుతుంది. మోసినవారి ఖాతాలో పడదు. లెక్కల పద్ధతి అదే, రైల్వేవారు దొంగలెక్క రాయలేదు. కాని ఆ బొగ్గు కిరాయి డబ్బుతోనే కదా మన సెకండు క్లాసు టిక్కెట్టు చవకగా ఉన్నది! ప్రయాణానికి అయ్యే ఖర్చులో నూటికి 57 మాత్రమే మీవద్దనుండి వసూలు అవుతున్నదని రైల్వేవారు టిక్కెట్టుమీదనే అచ్చువేశారు. తక్కిన 43లో అధికభాగము సరుకుబండ్లు ఇస్తున్నవి. సరుకుబండ్లలో బొగ్గే పెద్దది. అంటే మా అక్క తాల్చేరునుండి పుట్టింటికి వచ్చిన ప్రతిసారీ, మన చెల్లెళ్ళు షోలాపూరునుండి, బెంగుళూరునుండి పండుగలకు వచ్చిన ప్రతిసారీ ప్రయాణములో కొంత బొగ్గు కట్టిపెడుతున్నది. బొగ్గు పోతే ఆ లోటు ఎవరు పూడ్చాలి?

దీనికి సమాధానముగా మేము చెప్పగలిగినది ఒకటే. 1950-51లో దేశములోని సరుకు రవాణాలో నూటికి 85కు పైగా రైళ్ళదే. ఇప్పుడు మూడవ వంతుకూడా లేదు, తక్కినది లారీలకు పోయినది. టన్ను సరుకు లారీమీద పోవడానికి అయ్యే ఇంధనములో రైలుకు నాలుగవ వంతో ఐదవ వంతో చాలును. సిమెంటు, ఉల్లిపాయలు, బట్టలు, మోటారుబండ్లు, లారీ ఎక్కినవన్నీ తిరిగి రైలు ఎక్కితే బొగ్గు వదిలిన వాగన్లు నిండుతాయి. దేశము మొత్తముమీద తగ్గే పొగ, రైల్వేవారు తమ ఇంట్లో తగ్గించుకొనే పొగకన్న ఎక్కువే ఉంటుంది. అయితే బొగ్గు ఒక చోట ఎక్కించి ఒక చోట దింపేది, ఉల్లిపాయకు ఊరూరా గిడ్డంగి కావాలి, వేళకు చేరాలి. సరుకుబండి ఎప్పుడు చేరుతుందో స్టేషను మాస్టరుకే తెలియని రోజులు పోవాలి. సరుకుకోసము ప్రత్యేకమార్గాలు వేస్తున్నది ఇందుకే.

ఈ మాటలన్నీ మాకు కాలక్షేపమే అయితే ఇంత రాసేవారము కాము. మా చిన్నాన్నగారి అబ్బాయి డీజిలు షెడ్డులో ఇరవైరెండేండ్లు చేసి, నలభైయెనిమిదవ ఏట మళ్ళీ పలకాబలపము పట్టి కరెంటు ఇంజన్ల శిక్షణకు వెళ్ళాడు. దేశములో అనేక డీజిలు షెడ్లు ఇప్పుడు కరెంటు ఇంజన్లనే చూస్తున్నవి. వాడికి ఉద్యోగము నిలిచినది, పేరున్న మెకానిక్కు అన్న పేరు నిలవలేదు. ఆ సంగతి వాడు ఎవరితోనూ అనడు. వాడి భార్య అన్నది.

ఇక మా మేనల్లుడు, బావగారి చిన్నవాడు. ఎలక్ట్రికల్ డిప్లొమా చదివాడు. ఒకే నెలలో రెండు పనులు దొరికినవి. ఒకటి ఇంటిదగ్గరనే, బొగ్గు కేంద్రము కడుతున్న గుత్తేదారువద్ద. జీతము బాగు. రెండవది స్టేషను కప్పులమీద సౌరఫలకాలు బిగించే ఇంకొక గుత్తేదారువద్ద. జీతము తక్కువ, ఊరూరా తిరగాలి, ఏడాదికొకసారి కాగితము తిరగరాయాలి. మా అక్క ఇంటిదగ్గరిదే మేలన్నది. మేము తీగెలవారము కాబట్టి సౌరము వైపు మొగ్గినాము. అయినా జీతము సంగతి వచ్చేసరికి మా గొంతు తగ్గినది. అందరమూ బావగారి మొగము చూచాము. ఆయన చాలసేపు మాట్లాడలేదు. ‘బొగ్గు నాకు అన్నము పెట్టింది. నా నోటితో దానిని తిట్టను. కాని నువ్వు అరవైయ్యేళ్ళవాడివి అయ్యేదాక అది ఉంటుందని నేను పూచీ పడలేను’ అన్నారు.

వాడు సౌరములోనే చేరాడు. బొగ్గుదారిమీద ఉన్న ఒక చిన్న స్టేషనులో పని ఇచ్చారు. మొదటినెల జీతములో అమ్మమ్మకు చీర కొని, ఉత్తరము బదులు ఫోనులో ఫోటో పంపాడు. పని ఎట్లా ఉన్నదని బావగారు అడిగితే, పని అంతా కడగడమేనట. రోజుకు ఎన్నో బొగ్గు రేకులు ఆ స్టేషనుమీదుగా పోతాయి. ఆ ధూళి వచ్చి ఫలకాలమీద పేరుకొంటే కరెంటు పడిపోతుంది. తక్కినచోట్ల పదిహేనురోజులకొకసారి కడిగితే, అక్కడ వారానికి రెండుసార్లు కడగాలట. బావగారు నవ్వి, ఉదయము ఎండ ఎక్కకముందే కడగమని, గుడ్డ గరుకుది వాడవద్దని చెప్పారు.